రాళ్లెక్కే కూతురు, రొప్పే అమ్మ

ప్రశ్న: మా అమ్మాయి గురుకులంలో తొమ్మిదో తరగతి చదువుతోంది. భువనగిరిలో రాక్ క్లైంబింగ్ శిక్షణకి ఎంపికైంది. వాళ్ల నాన్న సంతకం పెట్టనంటున్నారు. చెయ్యో కాలో విరిగితే రేపు ఎవరు చేసుకుంటారని మా అత్తగారి గోల. పిల్లేమో మహా బిడియం, క్లాసులో నోరు విప్పదు. పంపమంటారా?
– ఒక తల్లి, సిద్దిపేట జిల్లా

జవాబు: పంపండి. కాకపోతే సంతకం పెట్టేముందు మీరిద్దరూ స్కూలుకి వెళ్లి మొహమాటపడకుండా అడగాల్సినవి అడగండి. నేర్పేవాళ్లు పర్వతారోహణ సంస్థలో కోర్సు చేసినవాళ్లేనా, వెంట ఆడ ఇన్‌స్ట్రక్టర్ ఉంటారా, ప్రతి పిల్లకీ హెల్మెట్ ఉందా, రాత్రి బస ఎక్కడ, దెబ్బ తగిలితే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు. వీటికి నీళ్లు నమిలితే మీ ఆయన మాటే కరెక్టు, ఈసారికి మానేయండి. సరిగ్గా చెప్తే మాత్రం ఆ పెళ్లి గొడవ పక్కన పెట్టండి. తొమ్మిదో తరగతి పిల్లకి పెళ్లి లెక్కలేమిటండీ అసలు!

బిడియం అన్నారు కాబట్టి అక్కడ ఏం జరుగుతుందో చెప్తాను. ఒక పిల్ల రాయి ఎక్కుతుంటే కింద ఇంకో పిల్ల ఆమె తాడు పట్టుకుని ఉంటుంది. పైనున్న పిల్ల కాలు జారితే ఆపాల్సింది ఈ పిల్ల చేతులే. ఎక్కే ముందు ఒకరి నడుం పట్టీ, ముడి, హెల్మెట్ ఇంకొకరు లాగి చూడాలి, తప్పుంటే ముఖం మీదే చెప్పాలి. తాడు బిగించు, వదులు చెయ్యి, రెడీ అని గాలిలో కూడా వినపడేలా గట్టిగా అరవాలి. క్లాసులో నోరు విప్పని పిల్ల ఇక్కడ అరవకపోతే కుదరదు, ఎందుకంటే పైన ఉన్నది తన ఫ్రెండు. స్టేజీ ఎక్కి మాట్లాడు అని మనం ఎంత పోరినా రాని గొంతు ఇలాంటి చోట వస్తుంది. ఇక దిగేటప్పుడు లోయకి వీపు పెట్టి, తాడు మీద బరువు వేసి వెనక్కి వాలాలి. భయపడి రాయికి అతుక్కుంటే కాళ్లు జారతాయి, వాలితేనే పాదాలకి పట్టు దొరుకుతుంది. మొదటిసారి ఏడవని పిల్లలు తక్కువ. ఏడుస్తూనే దిగుతారు, దిగాక మళ్లీ లైన్లో నిలబడతారు.

పూర్ణ పేరు వినే ఉంటారు. నిజామాబాద్ జిల్లా పాకాల, వ్యవసాయ కూలీల బిడ్డ. గురుకులంలో చదువుతూ ఆ భువనగిరి రాళ్ల మీదే మొదలుపెట్టి 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది, అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. నేపాల్ వైపు నుంచి పదహారేళ్ల లోపు వాళ్లని ఎక్కనివ్వరు కాబట్టి టిబెట్ వైపు నుంచి వెళ్లింది, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్‌తో కలిసి. 2022కల్లా ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలూ పూర్తి చేసింది. మీ ఆయనకి ఈ కథ చెప్పండి, పిల్లకి మాత్రం మరీ ఎక్కువ చెప్పకండి. పూర్ణతో పాటు భువనగిరిలో మొదలైన పిల్లల్లో కొందరే తర్వాతి శిక్షణకి డార్జిలింగ్ దాకా వెళ్లారు, లద్దాఖ్ చలి దాకా ఇంకా కొందరే, చివరికి ఎవరెస్ట్‌కి ఇద్దరు. మిగతావాళ్లంతా ఓడిపోయారనుకుంటే అది మన బుద్ధి తక్కువ. మీ పిల్ల వారం తర్వాత ఇంటికొచ్చి "నాకు నచ్చలేదమ్మా" అంటే ఆ మాట కూడా విని ఊరుకోండి. నోరు విప్పి నచ్చలేదని చెప్పింది కదా!

ప్రశ్న: నాకు 39, ఇద్దరు పిల్లలు. పొద్దున్నే బీచ్ రోడ్డులో పరుగు మొదలుపెట్టాను. ఈ వయసులో పరిగెత్తితే గర్భసంచి జారుతుందని మా ఆడపడుచు భయపెడుతోంది. పైగా కరెంటు స్తంభం దాటేసరికి ఆయాసం.
– విశాఖపట్నం

జవాబు: మీ ఆడపడుచు ఒక్కరే కాదు, అమెరికాలోనూ ఒకప్పుడు ఇదే అనేవాళ్లు. 1967లో బోస్టన్ మారథాన్‌లో కాత్రిన్ స్విట్జర్ అనే అమ్మాయి పరిగెడుతుంటే, ఆడవాళ్లు పరిగెత్తకూడదని ఒక పోటీ అధికారి వెంటపడి ఆమె నంబరు చీటీ లాగేయబోయాడు. ఆవిడ ఆగకుండా 42 కిలోమీటర్లూ పూర్తి చేసింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల మారథాన్ పెట్టడానికి 1984 దాకా పట్టింది. పరుగు వల్ల గర్భసంచి ఊడి రాదు. అయితే కాన్పుల తర్వాత పరిగెడుతుంటే యూరిన్ చుక్కలు పడటం, కింద బరువుగా అనిపించడం చాలామందికి ఉంటుంది, సిగ్గుపడి ఎవరికీ చెప్పరు. మీకూ ఉంటే డాక్టరుకి చూపించండి, కటి కండరాల (గర్భసంచినీ మూత్రాశయాన్నీ కింద నుంచి పట్టి ఉంచేవి) వ్యాయామాలతో చాలావరకు తగ్గుతుంది.

ఆయాసానికి ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది, మనం దాన్ని బద్ధకం అనో వయసు అనో సరిపెట్టుకుంటాం. రిపోర్టు బాగుంటే ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున చెయ్యండి. పక్కనున్న మనిషితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా, ఎవరేమనుకున్నా సరే. వయసంటారా, సామర్లకోట ఆడబిడ్డ గోలి శ్యామల నలభై దాటాక ఈత నేర్చుకుని 2021లో శ్రీలంక నుంచి ధనుష్కోటికి పాక్ జలసంధి ఈదేశారు, సుమారు 30 కిలోమీటర్లు, పదమూడు గంటల పైచిలుకు.

ప్రశ్న: అక్కా, కాలేజీ వాళ్లతో హిమాలయాల ట్రెక్‌కి వెళ్తున్నా. సరిగ్గా ఆ రోజుల్లోనే డేట్ వస్తుంది. టాబ్లెట్ వేసుకుని వాయిదా వేసుకోనా, మానేయనా? చచ్చేంత టెన్షన్‌గా ఉంది.
– హనుమకొండ

జవాబు: రెండూ వద్దమ్మా. పీరియడ్స్‌లో ట్రెక్ చెయ్యొచ్చు, నొప్పి మరీ ఎక్కువగా ఉంటే ఆ రోజు బ్యాగు తేలిక చేసుకో. మెడికల్ షాపులో అడిగి టాబ్లెట్ కొని మింగకు, కావాలనుకుంటే డాక్టర్‌నే అడుగు. ప్యాడ్లు లెక్క కంటే ఎక్కువ పెట్టుకో, వాడినవి జిప్ కవర్లో వేసి కిందకి తెచ్చెయ్యి, కొండ మీద పూడ్చకు. ప్యాడ్ బదులు లోపల పెట్టుకునే మెన్‌స్ట్రువల్ కప్ వాడదామనుకుంటే రెండు నెలల ముందు నుంచి ఇంట్లోనే అలవాటు చేసుకో, టెంటులో టార్చి వెలుగులో మొదటి ప్రయోగం వద్దు. ఇంకొక్కటి: పైకి వెళ్లాక తలనొప్పి, వాంతులు, తూలడం ఉంటే పీరియడ్స్ వల్లేలే అని దాచుకోకు. ఎత్తు పడకపోవడం వల్ల కావచ్చు. అబ్బాయిలు ఉన్నారని చూడకుండా వెంటనే లీడర్‌కి చెప్పు, ఆయన దిగమంటే ఇంకేం ఆలోచించకుండా దిగిపో.