ఖాకీ కబుర్లు: కౌంటీ షెరీఫ్ సెనేటర్ ఎలా అయ్యాడు?

ప్రశ్న: మా అబ్బాయి వాళ్లు అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం, మిల్ క్రీక్ అనే ఊళ్లో ఉంటారు. వాళ్ల సెనేటరు జాన్ లోవిక్ అంతకుముందు ఆ కౌంటీకి, అంటే మన జిల్లాలాంటి దానికి, షెరీఫట. పోలీసాయన చట్టసభకి ఎలా వెళ్లాడు? మన సీఐలు అలా నిలబడొచ్చా? మీరు డిపార్టుమెంటులో పనిచేశారు కాబట్టి అడుగుతున్నాను.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మా అమ్మాయి ఇల్లు కూడా ఆ దగ్గర్లోనే. 2022లో ఆయన రాష్ట్ర సెనేట్‌కి (మన మండలిలాంటి పై సభ) పోటీ చేసినప్పుడు నేనక్కడే ఉన్నాను.

మీరు చెప్పిన వరస కాస్త సరిచేయాలి. ఆయన ముందు ఎమ్మెల్యే, తర్వాత షెరీఫ్, మళ్లీ ఎమ్మెల్యే. లూసియానాలో పుట్టిన నల్లజాతి మనిషి. కోస్ట్ గార్డులో చేశారు. వాషింగ్టన్ స్టేట్ పెట్రోల్‌లో 31 ఏళ్లు చేశారు. అంటే హైవే పోలీసు. 1999లో రాష్ట్ర ప్రతినిధుల సభలో అడుగుపెట్టేనాటికి ఆయనింకా పెట్రోల్ సార్జెంటే. యూనిఫాం వదలకుండానే శాసనసభ్యుడు! ఇది విన్నప్పుడు నా చేతిలో కాఫీ కప్పు అలాగే ఉండిపోయింది.

అదెలా కుదిరిందంటే, అక్కడ సభ ఏడాది పొడుగునా ఉండదు. జనవరిలో రెండో సోమవారం రాష్ట్ర రాజధాని ఒలింపియాలో మొదలై, బేసి సంవత్సరంలో 105 రోజులు, సరి సంవత్సరంలో 60 రోజులు. మిగతా కాలం ఎవరి ఉద్యోగం వాళ్లది. రైతులు, టీచర్లు, లాయర్లతోపాటు పోలీసులూ ఉండొచ్చు. మన దగ్గర సర్కారు జీతం తీసుకుంటూ నామినేషన్ వేస్తే చెల్లదు. అనంతపురం జిల్లాలో సీఐగా చేసిన గోరంట్ల మాధవ్ 2019లో హిందూపురం ఎంపీ అయ్యారు కదా, ఆయన ముందు ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చింది. ఆ స్వచ్ఛంద విరమణ కాగితం మీద ఎంత గొడవ నడిచిందో గుర్తుండే ఉంటుంది.

ఇక షెరీఫ్ సంగతి. పాత ఇంగ్లండులో జిల్లాలాంటి దాన్ని షైర్ అనేవారు, దాని వ్యవహారాలు చూసే రాజోద్యోగి రీవ్. ఆ రెండు మాటలూ కలిసి షెరీఫ్. మన మునసబు గారే అనుకోండి, కాకపోతే ఊరికి బదులు జిల్లాకి. అమెరికా వెళ్లాక ఆ పదవి చాలాచోట్ల ఓట్ల చేతికి వచ్చింది. జైలు ఆయనదే, కోర్టు కాగితాలు అందించేది ఆయనే, మున్సిపాలిటీల్లో కలవని ప్రాంతంలో పోలీసూ ఆయనే. ఊళ్లకి సొంత పోలీసు, దానికి చీఫు వేరుగా ఉంటారు. ఆయన్ని మాత్రం జనం ఎన్నుకోరు, నియమిస్తారు. ఇంకో తమాషా. మీ అబ్బాయి వాళ్లది స్నోహోమిష్ కౌంటీ. పక్కనున్న కింగ్ కౌంటీ 2020లో ఓటింగ్ పెట్టి, మాకు ఎన్నికల షెరీఫ్ వద్దు, నియమించండి అంది. బాథెల్ ఊరు రెండు కౌంటీల్లో పడుతుంది. ఉత్తరం వైపు స్నోహోమిష్ వాళ్లు షెరీఫ్‌కి ఓటేస్తారు, దక్షిణం వైపు వాళ్లు వేయరు.

లోవిక్ గారు 2008 నుంచి స్నోహోమిష్ షెరీఫ్. ఆ కుర్చీ ఎంత వేడిదో చెప్పాలంటే తర్వాత వచ్చినవాళ్లని చూడాలి. 2019లో అదే శాఖలో సార్జెంటుగా ఉన్న ఆడమ్ ఫోర్ట్నీ, పదవిలో ఉన్న షెరీఫ్ మీద పోటీ చేసి గెలిచాడు. మన ఎస్సై ఎస్పీ గారి మీద నిలబడి, మర్నాడు ఆయన కుర్చీలో కూర్చున్నట్టు! 2023లో సుసానా జాన్సన్ ఆ ఫోర్ట్నీనీ ఓడించింది. నా సర్వీసులో ఒక నాయకుడికి నచ్చని కేసు కట్టినందుకు ఆర్నెల్లలో మూడు స్టేషన్లు తిరిగాను, మా ఆవిడ మూడోసారి సామాను పూర్తిగా విప్పనేలేదు. ఓట్లతో వచ్చిన షెరీఫ్‌కి ఆ బదిలీ భయం లేదు. కానీ ఓటరు నచ్చినవాణ్ణి చూసీచూడనట్టు వదిలేయాలనే బలహీనత మాత్రం అక్కడా పుడుతుంది. ఏది మేలంటే నేను చెప్పలేను, రెంటిలోనూ పనిచేసినవాడు చెప్పాలి.

2013లో కౌంటీ ఎగ్జిక్యూటివ్ (ఓట్లతో వచ్చే కలెక్టరు అనుకోండి) రాజీనామా చేస్తే లోవిక్‌ని ఆ స్థానంలో కూర్చోబెట్టారు. మరుసటి ఏడాది మార్చి 22న ఓసో దగ్గర కొండచరియ విరిగిపడి 43 మంది పోయారు. ఆ కష్టకాలం ఆయన హయాంలోనే. 2015లో ఓడిపోయారు, అదీ సొంత డెమోక్రటిక్ పార్టీ మనిషి డేవ్ సోమర్స్ చేతిలో. అక్కడ తొలి విడత ఓట్లలో పార్టీలతో పని లేకుండా ఎక్కువొచ్చిన ఇద్దరు తుది పోరుకి వెళ్తారు మరి.

2016లో ప్రతినిధుల సభ సీటు ఖాళీ అయితే అందులోకి, 2021 డిసెంబరులో సెనేట్ సీటు ఖాళీ అయితే అందులోకి వచ్చారు. ఖాళీ వచ్చినప్పుడు అక్కడ మనలా ఉపఎన్నిక హడావుడి ఉండదు. సీటు ఖాళీ చేసినాయన పార్టీ వాళ్లు మూడు పేర్లు పంపితే కౌంటీ పెద్దలు ఒకటి ఎంచుతారు, ఓటర్లు తర్వాత తేలుస్తారు. 2022లో తేల్చారు కూడా. ఆ బ్యాలెట్ మా అమ్మాయి ఇంటికి పోస్టులో వచ్చింది. అల్లుడు డైనింగ్ టేబుల్ మీద పప్పు గిన్నె పక్కకి జరిపి, నల్ల పెన్నుతో గుండ్రాలు నింపాడు. పేరు కింద ‘డెమోక్రటిక్ పార్టీ అంటే ఇష్టం’ అన్న అర్థంలో రాసి ఉంది, పార్టీ అభ్యర్థి అని కాదు. కవరు మీద సంతకం పెట్టి, సాయంత్రం నడకలో డబ్బాలో వేసొచ్చాం. బూత్ లేదు, ఏజెంట్లు లేరు, నాలాంటి బందోబస్తు వాడూ లేడు.

సెనేట్‌లో ఆయన తెచ్చిన బిల్లు నాకు బాగా నచ్చింది. తాగి నడిపేవాళ్ల రక్తంలో మద్యం హద్దు 0.08 శాతం నుంచి 0.05కి దించమని 2023లో పెట్టారు. నెగ్గలేదు. మన హద్దు 0.03, అంటే 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు. అక్కడ హాయిగా ఇల్లు చేరేవాడు బెజవాడలో మా బ్రీత్ ఎనలైజర్‌కి దొరికిపోతాడు. హైవే మీద 31 ఏళ్లు నిలబడ్డవాడు ఆ బిల్లు ఎందుకు పెట్టాడో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. రాత్రి రెండింటికి ఒకరి తలుపు కొట్టి, ‘మీ వాడు పల్సర్ మీద వెళ్లాడా అమ్మా’ అని అడిగిన రోజులు నాకూ ఉన్నాయి.

ప్రశ్న: వచ్చే నెల మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. అక్కడ షెరీఫ్ కారు వెనక లైట్లు వేస్తే ఏం చేయాలి?
– అదే పాఠకురాలు

జవాబు: అబ్బాయిని కారు కుడివైపుకి ఆపి, అద్దం దించి, రెండు చేతులూ స్టీరింగ్ మీద కనబడేలా పెట్టమనండి. దిగొద్దు. మనకి కాగితాలు పట్టుకుని, చెప్పులేసుకుని ఎస్సై గారి దగ్గరికి మనమే నడిచి వెళ్లడం అలవాటు. నేనూ డోరు తీయబోయాను, అల్లుడు నా చొక్కా పట్టుకుని లాగాడు.