రిలీఫ్ వాల్వ్ కారుతోందా? దాన్ని తిట్టకండి

ప్రశ్న: న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర రెండంతస్తుల పాత ఇల్లు కొన్నాం. బేస్‌మెంట్‌లో గ్యాస్ బాయిలర్, గదుల్లో గోడల అడుగున బాయిలర్ వేడినీళ్లతో నడిచే బేస్‌బోర్డ్ హీటర్లు. చలి మొదలైన దగ్గర్నుంచి బాయిలర్ పక్క గొట్టంలోంచి వేడినీళ్లు కారుతున్నాయి. తెల్లారేసరికి అర బకెట్. బాయిలర్ కట్టేసి పూర్తిగా చల్లారాక చూస్తే గేజ్‌లో 12 ఉంది. వేసిన అరగంటకి 30కి వెళుతోంది. రిపేరుకి వచ్చినతను ఆ గొట్టం పైనుండే రిలీఫ్ వాల్వ్ (ఒత్తిడి మితిమీరితే తెరుచుకుని నీళ్లు వదిలేది) కొత్తది వేశాడు. వారానికే మళ్లీ మొదలు. ఊరి నుంచి వచ్చిన మా మామగారు ఆ గొట్టం మూసుకుపోయేలా డమ్మీ బిగించేయమంటున్నారు. ఒకటే టెన్షన్.
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు మామగారి చేతిలో రెంచీ ఉంటే తీసుకోండమ్మా. నేను పాతికేళ్లు చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేశాను. అక్కడ సేఫ్టీ వాల్వ్ జోలికి వెళ్లినవాడికి మర్నాడు డ్యూటీ ఉండేది కాదు. మీ వాల్వ్ 30 పీఎస్ఐ (మీ గేజ్ చూపించే ఒత్తిడి కొలత) దగ్గర తెరుచుకునేలా తయారైంది. 30 వచ్చింది, తెరుచుకుంది. దానికి డమ్మీ కొడితే ఆ ఒత్తిడి బయటికి వెళ్లే దారే ఉండదు.

మరి 12 ఎందుకు 30 అవుతోంది? నీళ్లు కాగితే పెరుగుతాయి. వంద లీటర్ల నీళ్లు 15 డిగ్రీల నుంచి 80 డిగ్రీల సెల్సియస్‌కి వచ్చేసరికి ఇంచుమించు మూడు లీటర్లు ఎక్కువవుతాయి. ఆ మూడు లీటర్లకి చోటివ్వడానికే బాయిలర్ దగ్గర చిన్న ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ వేలాడుతుంటుంది. లోపల రబ్బరు పొర, ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు గాలి. పొర చిరిగినా, గాలి దిగిపోయినా ట్యాంక్ నిండా నీళ్లే. ఇక పెరిగిన నీళ్లు ఎక్కడికి పోతాయి? మీ బకెట్లోకి.

మా అమ్మాయి వాళ్లిల్లు కూడా న్యూజెర్సీలోనే. మూడేళ్ల కిందట చలికాలంలో వెళ్తే అచ్చం మీ కథే. అక్కడైతే వాల్వ్ రెండుసార్లు మార్చారు! బాయిలర్ చల్లారాక ఆ ట్యాంక్ అడుగున మూత విప్పాను. కారు టైరుకి ఉండేలాంటి పిన్నే ఉంటుంది. గోటితో నొక్కితే గాలి రావాలి. తుప్పు వాసనేసే నల్లటి నీళ్లు నా చొక్కా మీద చిమ్మాయి. పొర చిరిగిందన్నమాట. ట్యాంక్ మార్చాక బకెట్ మళ్లీ బాత్రూంలోకి వెళ్లిపోయింది.

మీరూ అదే చూడండి. నీళ్లొస్తే ట్యాంక్ మార్చాల్సిందే. గాలే వస్తే టైరు గేజ్‌తో కొలవాలి, కానీ ఇక్కడ చాలామంది పొరపడతారు. లైన్లో నీటి ఒత్తిడి ఉండగా కొలిస్తే గేజ్ చూపించేది ఆ నీటి ఒత్తిడినే. బాయిలర్ కట్టి, చల్లార్చి, నీళ్లొచ్చే వాల్వ్ మూసి, లైన్లో ప్రెషర్ సున్నాకి దించాక కొలవాలి. తక్కువుంటే పంపుతో 12కి కొట్టాలి. ఈ 12 ఊరికే పెట్టిన అంకె కాదు. ఒక పీఎస్ఐ నీటిని 2.31 అడుగులు ఎత్తుతుంది. పై అంతస్తు హీటర్లు బాయిలర్‌కి 18 అడుగుల ఎత్తులో ఉన్నాయనుకుంటే అక్కడికి నీళ్లు ఎక్కడానికి ఎనిమిది, అక్కడ గాలి చేరకుండా ఇంకో నాలుగు.

చల్లగా ఉన్నప్పుడు కూడా గేజ్ మెల్లగా 12 దాటి పాకుతుంటే కథ వేరు. నీళ్లు నింపే ఆటోమేటిక్ ఫిల్ వాల్వ్ సరిగ్గా మూసుకోవట్లేదని అనుమానించాలి. దాని ముందున్న వాల్వ్ కాసేపు మూస్తే పెరగడం ఆగిపోతుంది. మూసినా ఆగకపోతే, స్నానాల నీళ్లు కాచే కాయిల్‌కి చిల్లు పడి కుళాయి నీళ్లు బాయిలర్లోకి జొరబడుతున్నాయేమో చూడాలి. పరీక్ష కాగానే ఆ వాల్వ్ తెరిచేయండి, మరిచిపోవద్దు. మీకు చల్లగా ఉంటే 12 దగ్గరే నిలుస్తోంది కాబట్టి నా అనుమానం ట్యాంక్ మీదే.

రిపేరతను వాల్వ్ మార్చడం తప్పని నేననను, మొదట అదే మార్చడం తప్పు. పదేపదే తెరుచుకున్న వాల్వ్ మూసుకునే చోట మడ్డి చేరి, ప్రెషర్ తగ్గాక కూడా చుక్కలు కారుస్తుంది. ట్యాంక్ బాగుచేయించాక కూడా కారితే అప్పుడు మళ్లీ మార్చక తప్పదు. వాయిదా మాత్రం వేయకండి. కారిన నీళ్లకి బదులు ఫిల్ వాల్వ్ రోజూ కొత్త నీళ్లు నింపుతోంది. కొత్త నీళ్లతో కొత్త ఆక్సిజన్, దాంతో లోపల తుప్పు. పొద్దున గేజ్ 12 దగ్గర ఏమీ ఎరగనట్టు నిలబడటానికి కారణం కూడా ఆ నింపుడే. ఈలోగా పిల్లల్ని ఆ గొట్టం దగ్గరికి పోనివ్వకండి, చర్మం ఊడేంత వేడి.

ప్రశ్న: లండన్‌లో ఉంటాం. మా కాంబీ బాయిలర్ (ఇంటికి వేడి, కుళాయికి వేడినీళ్లు రెండూ ఇచ్చేది) ప్రెషర్ వారానికోసారి సున్నాకి దిగుతోంది. బాయిలర్లోకి కుళాయి నీళ్లు వదిలే ఫిల్లింగ్ లూప్ తిప్పి నింపుకుంటున్నాను. ఫరవాలేదా?
- ఒక పాఠకుడు

జవాబు: చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ (మీ దగ్గర ఒత్తిడి కొలత ఇదే) చాలు. కొందరు ఉత్సాహంగా 2.5 దాకా నింపేస్తారు. కాగగానే 3 బార్ దగ్గర వాల్వ్ తెరుచుకుని, నింపిందంతా గోడ బయటున్న రాగి గొట్టంలోంచి పోతుంది. ఈ రాత్రి ఆ గొట్టం చివర ఒక ప్లాస్టిక్ కవర్ వదులుగా కట్టండి. పొద్దునకి నీళ్లుంటే వాల్వో, బాయిలర్ లోపలి ట్యాంకో. పొడిగా ఉంటే రేడియేటర్ల వాల్వుల కింద తడి వెతకండి. బాయిలర్ కవర్ మాత్రం మీరు విప్పకండి, అది గ్యాస్ సేఫ్ (బ్రిటన్‌లో గ్యాస్ పనివాళ్ల రిజిస్టర్) కార్డున్న ఇంజనీర్ పని. వచ్చినతన్ని ముందు ఆ కార్డు అడగండి.