మహిమ పేరు చెప్పి పిల్లవాణ్ణి వేదిక ఎక్కించకండి

సహోదరీ,

సెరిబ్రల్ పాల్సీ (మెదడుకు జరిగిన హాని వల్ల కదలికలు అదుపులో ఉండని స్థితి) ఉన్న మీ తొమ్మిదేళ్ల అబ్బాయిని అత్తగారు స్వస్థత కూటాలకు తీసుకువెళితే, అక్కడి ప్రసంగీకుడు వేదిక మీద వాడి కాళ్లకు ఆసరాగా కట్టే కాలిపర్లు విప్పించి మైకులో నడవమన్నాడనీ, రెండడుగులు వేసి పడిపోయిన పిల్లవాడు చప్పట్ల మధ్య లేవలేక ఏడ్చాడనీ రాశారు. ఆ రెండడుగుల గురించి అత్తగారు ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పారు. "నేను పడిపోకుండా ఉంటే దేవునికి మహిమ వచ్చేదా అమ్మా?" అని వాడు మిమ్మల్ని అడుగుతున్నాడు. దేవుని మహిమ కోసమే నా కొడుకు ఇలా పుట్టాడా, అసలు మహిమ అంటే ఏమిటని మీరు నన్ను అడుగుతున్నారు.

జవాబు చిన్నదే. మహిమను చూపించమని మోషే వేడుకున్నప్పుడు దేవుడు తన మంచితనమంతా అతని ఎదుట కనుపరుస్తానన్నాడు. యోహాను సువార్తలో యేసు తాను మహిమ పొందే గడియ వచ్చిందని చెప్పింది సిలువ మరణం దగ్గరపడినప్పుడు. అలాంటి మహిమకు మీ అబ్బాయి పడిపోవడం వల్ల వచ్చే లోటేమీ లేదు, ఆ మాట వాడికి ఈ రాత్రే చెప్పండి. మార్కు సువార్తలో యేసు చెవిటివాణ్ణి జనంలో నుంచి పక్కకు తీసుకువెళ్లి బాగుచేశాడు, బేత్సయిదాలో చూపులేని మనిషిని తానే చెయ్యి పట్టుకుని ఊరి బయటకు నడిపించుకుపోయాడు. బాగుపడవలసిన మనిషి మర్యాదను ఆయన అంతగా కాపాడాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ వేదిక ముందు వరుసలో మీ భర్త కూర్చుని ఉన్నారన్న విషయాన్ని మీరు ఒక్క వాక్యంలో దాటవేశారు. యోహాను 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాని గురించి, దేవుని క్రియలు అతనిలో వెల్లడి కావడానికే అతను అలా పుట్టాడని యేసు చెప్పిన మాటను మీ అత్తగారు తరచూ వినిపిస్తారని రాశారు కదా, అదే అధ్యాయాన్ని చివరి వరకు మీ భర్త చేత చదివించండి. చూపు వచ్చిన కొడుకును పెద్దలు నిలదీస్తుంటే, సమాజమందిరం నుంచి వెలివేస్తారన్న భయంతో కన్నవాళ్లే "వాడు వయసు వచ్చినవాడు, వాణ్ణే అడగండి" అని తప్పుకున్నారు. ఆ తరువాత ఆ పెద్దలే, అంటే పరిసయ్యులనే యూదు మతపెద్దలు, అతని నోరు మూయించడానికి వాడిన మాట "దేవుని మహిమపరచుము" అన్నదే. మీ అబ్బాయికి ఇంకా వయసు కూడా రాలేదు. వాడి తరఫున మాట్లాడవలసిన తండ్రి తల వంచుకుని కూర్చున్నాడు.

అత్తగారితో మీరు వాదించవద్దు. కోడలు నోరు విప్పితే దానికి అవిశ్వాసమని పేరు పెడతారు, కొడుకు చెబితే వినక తప్పదు. మనవడి కోసం ఆమె ఉపవాసాలు ఉంటున్నారంటే ప్రేమ లేక కాదు, ఆ మాట కూడా మీ భర్త ఆమెతో అనాలి. ఇంట్లో వాడి పక్కన కూర్చుని ఎంతసేపైనా ప్రార్థన చేసుకోమనాలి, వేదిక ఎక్కించడం మాత్రం ఇక కుదరదని తేల్చి చెప్పాలి. తల్లిని సన్మానించమన్న ఆజ్ఞను నేను తేలికగా తీసుకునేదాన్ని కాను. కానీ ఆ సన్మానాన్ని కొడుకు తన చేతులతో చెల్లించుకోవాలి, మనవడి కాళ్లతో కాదు.

కూటాల తరువాత ఫిజియోథెరపీ మాన్పించారని రాసిన చోట నాకు నిజంగా కోపం వచ్చింది. మెదడుకు జరిగిన హాని వయసుతో పెరిగేది కాదు గాని, వ్యాయామం ఆగితే కండరాలు బిగుసుకుపోయి కీళ్లు వంగిపోతాయి, ఇప్పుడు నడవగలిగిన ఆ కొద్దిపాటి దూరం కూడా పోతుంది. పౌలు వెంట నడిచిన లూకా వైద్యుడే, అతని వైద్యాన్ని అవిశ్వాసమని పౌలు అనలేదు. సోమవారం నుంచే మళ్లీ మొదలుపెట్టండి, తీసుకువెళ్లే పని మీ భర్తకు అప్పగించండి.

ఆయన తల్లి ముందు నోరు మెదపలేనంటే, వచ్చే కూటాలకు పిల్లవాణ్ణి పంపనని మీరే చెప్పండి. దానికి ఆయన అనుమతి కోసం ఎదురుచూడనక్కర్లేదు.