‘లజీ’ అంటే శాస్త్రమేనా?

సందేహం: బయాలజీ జీవశాస్త్రం, జియాలజీ భూగర్భశాస్త్రం అయితే అపాలజీ ఏ శాస్త్రం అని నీట్‌కు చదువుతున్న మా అమ్మాయి అడిగింది. ‘లజీ’ అంటే శాస్త్రమని చెప్పవచ్చునా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: మీ అమ్మాయి పట్టుకోవలసిన చోటే పట్టుకున్నదమ్మా. శాస్త్రమన్నది ‘లజీ’కి తరువాత స్థిరపడిన అర్థం; మూలంలో ఉన్నది పలుకు. గ్రీకులో ‘లోగోస్’ అంటే మాట. దానికి పుట్టినిల్లు ‘లెగైన్’ అనే క్రియ. ఆ క్రియకు చెప్పడం కంటే ముందు ఏరడం, పోగుచేయడం అనే అర్థాలుండేవి. ‘ఆంథోస్’ అంటే పువ్వు కనుక ఆంథాలజీ అంటే పూలు ఏరి కూర్చడం. ఏరిన పద్యాల పుస్తకానికి ‘మంజరి’, అంటే పూలగుత్తి, అని పేరు పెట్టుకునే మనకు ఈ ఊహ కొత్తదేమీ కాదు. ఏరిన వాటిని వరుసగా ఎంచి చెప్పడం నుంచి మాట, మాట నుంచి వివరణ, హేతువు, ఒక విషయాన్ని గురించిన క్రమమైన ప్రసంగం, చివరికి ఆ విషయపు శాస్త్రం పుట్టాయి. బయాలజీని నేటి అర్థంలో లామార్క్, ట్రెవిరానుస్ అనే ప్రకృతి శాస్త్రవేత్తలు వేరువేరుగా వాడినది 1802లో. అపాలజీ మాత్రం పాత అర్థంలోనే మిగిలిన మాట: తనమీద పడిన నిందకు చెప్పుకునే జవాబు. క్రీ.పూ. 399లో ఏథెన్సు న్యాయసభలో సోక్రటీసు చేసిన ప్రసంగంగా ప్లేటో రాసిన గ్రంథానికి ఆ పేరే ఉన్నది. అందులో క్షమాపణ వెదికినా దొరకదు. యూలజీ మంచిమాట, అంటే ప్రశంస. ట్రిలజీ మూడు కృతుల వరుస.

ఒక మాట ఇన్ని దారులు పట్టడం వింతగా తోస్తే మన ‘వచనా’న్ని చూడండి. దాని అర్థం పలకడమే. వ్యాకరణంలో ఏకవచనం, బహువచనం అన్నప్పుడు అది సంఖ్యను తెలుపుతుంది. కావ్యంలో పద్యం కానిది వచనం. తన తాత మంత్రి భాస్కరుణ్ణి ‘గుంటూరి విభుడు’ అని తలచుకున్న తిక్కన నిర్వచనోత్తర రామాయణం రాశాడు. అక్కడ ‘నిర్వచన’ అంటే వచనం లేనిది, అన్నీ పద్యాలే అని. ఇప్పటి విద్యార్థి నిర్వచనమంటే డెఫినిషన్ అనుకొని, ఆ కావ్యం పేరు చూసి తికమకపడుతున్నాడు. అది పిల్లల తప్పు కాదు, పేరు విప్పి చెప్పని మన తప్పు.

మన ‘శాస్త్రం’ శాసించే ధాతువు నుంచి వచ్చింది. శాసనం, శిష్యుడు దాని తోబుట్టువులు. కనుక చెప్పే ‘లజీ’, శాసించే ‘శాస్త్రం’ వ్యుత్పత్తిలో ఒకటి కావు, వాడుకలో జతపడ్డాయి, అంతే. జీవశాస్త్రం, భూగర్భశాస్త్రం నిక్షేపంగా రాయండి. పద్ధతి అంటే సరిపోయే చోట మెథడాలజీ అనడం, మనస్తత్వం అనవలసిన చోట ‘వాడి సైకాలజీ’ అనడం మాత్రం మానుకోవాలి. టెక్నాలజీ సంగతి కొంచెం చిక్కు. ‘టెఖ్నే’ అంటే పనితనం. సాంకేతికశాస్త్రం అనడానికి నా మనసు ఒప్పదు, సాంకేతికత కొంత నయం. అయినా టెక్నాలజీ అనే రాసేవారిని తప్పుపట్టలేను.