ఫోన్లో చెప్పింది రాయలేదేం బిడ్డా

హనుమకొండ,
ఆదివారం రాత్రి

బిడ్డా,

కాజీపేట పియానో కచేరీ మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి నీకు తెలుగు చెప్పిన సార్‌గా చదవలేదు, ఆ కచేరీకి రాలేకపోయిన మనిషిగా చదివాను. మోకాళ్ల నొప్పితో ఆ సాయంత్రం ఇల్లు కదలలేదు కదా, నీ వాక్యాల్లోనైనా పియానో విందామనుకున్నాను. కాజీపేట హాలు కనిపించింది, దండలు కనిపించాయి, చప్పట్లు వినిపించాయి. పియానో వినిపించలేదు.

"శ్రోతలు మంత్రముగ్ధులయ్యారు" అని రాశావు. "పాత సంగీతానికి కొత్త ఊపిరి పోశాడు" అని కూడా. ఇవి తప్పు మాటలేం కాదు. కానీ పేరు మార్చి ఏ కచేరీకి పెట్టినా సరిపోతాయి. వీణకు సరిపోతాయి, డోలుకు సరిపోతాయి, ముప్పై ఏళ్ల కింద జరిగిన సభకూ సరిపోతాయి. రైల్వే కాలనీలో పెరిగిన ఒక పిల్లగాడు మన ఊళ్లో పాశ్చాత్య సంగీతకర్తలైన బాఖ్‌నూ బేతోవెన్‌నూ వాయించిన ఆ ఒక్క సాయంత్రానికే అతికే మాట కోసం నాలుగు పేజీలూ వెతికాను.

ఆ మాట నీ దగ్గర ఉంది. ఆ రాత్రి ఫోన్ చేసి ఏమన్నావో గుర్తుందా? "సార్, బేతోవెన్ మధ్యలో ఒక మీట కిందికి పోయి పైకి రాలేదు. కుడిచేతి పాట ఆగిపోయింది. ఎడమచెయ్యి మాత్రం ఆగలేదు. ఆయన వేలి కొసతో మీటను లేపి, మళ్లీ అక్కడి నుంచే అందుకున్నాడు. హాల్లో ఒక్కరు దగ్గలేదు సార్." నేను మంచం మీద లేచి కూర్చున్నాను. ఆ సంగతి వ్యాసంలో ఎందుకు లేదు?

గౌరవం కొద్దీ వదిలేశావని నాకు తెలుసు. రాస్తే కళాకారుణ్ణి తక్కువ చేసినట్టవుతుందేమోనని భయపడ్డావు. కానీ పియానో అంటే చెక్క, ఇనుము, ఉన్ని. 88 మీటలు, దాదాపు 230 తీగలు. మీట నొక్కితే లోపల ఫెల్ట్ అనే ఒత్తైన ఉన్ని గుడ్డ తొడిగిన చిన్న సుత్తి లేచి తీగను కొట్టి వెనక్కి పడుతుంది. వానాకాలం తేమకు చెక్క ఉబ్బుతుంది, మీట ఇరుక్కుంటుంది. మన ఎండలకు అదే చెక్క ఎండి శ్రుతి జారుతుంది. అట్లాంటి పెట్టెతో ఆ పిల్లగాడు పెనుగులాడి గెలిచాడు. నువ్వు గెలుపు రాసి పెనుగులాట దాచిపెట్టావు. అందుకే ఆ గెలుపు నమ్మబుద్ధి కాలేదు.

ఇక బేతోవెన్ గురించి. "మూన్‌లైట్ సొనాటాతో హాలులో వెన్నెల కురిసింది" అన్నావు. ఆ పేరు బేతోవెన్ పెట్టింది కాదు బిడ్డా. 1801లో రాసిన ఆ రచనను ఆయన మనోధర్మంలా, అప్పటికప్పుడు అల్లినట్టు సాగే సొనాటా అని మాత్రమే అన్నాడు. రెల్‌స్టాబ్ అనే విమర్శకుడు దాన్ని సరస్సు మీది వెన్నెలతో పోల్చాడు. ఆ పోలిక అతుక్కుపోయింది. ఇప్పుడు ఎవరు విన్నా ముందు చంద్రుడు వస్తాడు, తర్వాతే స్వరం. రాసేవాడి చేతిలో ఒక ఉపమానానికి ఇంత బలం ఉంటుంది, వినేవాళ్ల చెవులకు రెండు వందల ఏళ్లు అడ్డం నిలబడగలదు. అందుకే పోలిక రాసే ముందు నేను చాలా సేపు ఆగుతాను. నువ్వూ ఆగు. ఆ మొదటి భాగంలో చంద్రుడి కంటే పెద్ద సంగతి ఒకటి ఉంది.

తీగల మీద ఫెల్ట్ దిండ్లు ఆని ఉంటాయి. మీట వదలగానే అవి తీగను ముట్టి మోతను ఆపేస్తాయి. కాలికింది పెడల్ తొక్కితే అన్నీ ఒక్కసారే పైకి లేస్తాయి, మోత సాగుతూనే ఉంటుంది. ఆ భాగమంతా దిండ్లు లేపే ఉంచి వాయించమని బేతోవెన్ రాసి పెట్టాడు. ఆయన కాలపు పియానోలో మోత తొందరగా సన్నగిల్లేది కాబట్టి చెల్లింది. ఇప్పటి పియానోకు ఇనుప చట్రం, బిగువైన తీగలు. మోత చాలాసేపు నిలుస్తుంది. ఆయన చెప్పింది చెప్పినట్టు చేస్తే స్వరం మీద స్వరం పడి బురదవుతుంది. అట్లని పెడల్ వదిలేస్తే ఆయన కోరిన ఆ తడి పోతుంది. కాబట్టి ఎంత తొక్కాలి, ఎక్కడ వదలాలి, సగమే లేపాలా అన్నది వాయించేవాడు ప్రతి హాల్లో, ప్రతి పియానో మీద కొత్తగా తేల్చుకోవాలి.

చూశావా, పాతదాన్ని ఉన్నదున్నట్టు వాయిద్దామన్నా కుదరదు. ఆ పిల్లగాడి కొత్తదనం ఎక్కడుందో వెతకాల్సింది అక్కడ. అతని కుడికాలు ఏం చేసిందో చూశావా? జుట్టు గురించి రాశావు, నల్లకోటు గురించి రాశావు. కాలు గురించి రాయలేదు.

గ్లెన్ గౌల్డ్ అని కెనడా పియానిస్టు ఉండేవాడు. బాఖ్ గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్‌ను 22 ఏళ్ల వయసులో, 1955లో రికార్డు చేశాడు. మొత్తం 38 నిమిషాలు. మళ్లీ 1981లో అదే రచన రికార్డు చేస్తే 51 నిమిషాలు పట్టింది. రెండోసారి కొన్ని భాగాలను తిరిగి వాయించిన మాట నిజమే. అది పక్కన పెట్టి మొట్టమొదటి పాట ఒక్కటే విను. మొదటిసారి రెండు నిమిషాల లోపే అయిపోతుంది, రెండోసారి మూడు నిమిషాలు దాటుతుంది. స్వరాలు అవే, మనిషి అతనే. ఆ మరుసటి ఏడాదే చనిపోయాడు. యూట్యూబ్‌లో రెండూ దొరుకుతాయి, ఒకదాని వెంట ఒకటి విను. ఎంత వేగంగా, ఎంత గట్టిగా వాయించాలన్నది బాఖ్ తన రాతలో దాదాపుగా రాయలేదు. ఆ ఖాళీలోనే గౌల్డ్ రెండుసార్లు రెండు రకాలుగా బతికాడు.

ఇదంతా మనకు దూరపు సంగతి అనుకోకు. పేరిణి కథ నీకు తెలుసు కదా. మరుగునపడిన ఆ నాట్యాన్ని మళ్లీ నిలబెట్టిన నటరాజ రామకృష్ణ గారి ముందు ఏముంది? రామప్ప గుడి రాతి మీది భంగిమలు, కాకతీయుల గజసేనాని జాయప రాసిన నృత్తరత్నావళి. రాయి మీద ఒక భంగిమ ఉంటుంది, దాని పక్కన ఇంకోటి ఉంటుంది. మొదటి దాంట్లోంచి రెండో దాంట్లోకి ఒళ్లు ఎట్లా వెళ్లిందో రాయి చెప్పదు. ఆ నడుమ దారి ఆయన వెతుక్కోవాల్సి వచ్చింది. పియానో ముందున్న నొటేషన్ కాగితం కూడా అట్లాంటి రాయే.

నీ వ్యాసంలో నాకు బాగా నచ్చిన వాక్యం ఒకటుంది. దాన్ని మూడో పేజీ అడుగున పడేశావు. బాఖ్ ఫ్యూగ్ మొదలుపెట్టే ముందు అతను జనం వైపు తిరిగి, "బతుకమ్మ దగ్గర ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు కదా, ఇదీ అట్లాంటిదే, కాకపోతే ఇక్కడ మొదటి గొంతు ఆగదు, తన పాట తాను పాడుకుంటూనే ఉంటుంది" అన్నాడట. ఆ సీ మేజర్ ఫ్యూగ్‌లో నాలుగు గొంతులు, అంటే ఒకదాని వెంట ఒకటి వచ్చే నాలుగు పాట వరుసలు. ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలమ్మ, ఒక్కో గొంతు వచ్చినప్పుడల్లా ఒక్కో వేలు ముడిచిందని రాశావు. అబ్బ, ఎంత మంచి చూపు బిడ్డా నీది! నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి. 1722 నాటి జర్మనీ కాగితం మన ముసలమ్మ వేళ్ల మీదికి వచ్చిన ఘడియ అది.

దాని బదులు చివర్లో వాయించిన సినిమా పాటకు పేజీన్నర ఇచ్చావు. చప్పట్లు దానికే ఎక్కువ పడ్డాయి కాబట్టి ఇచ్చి ఉంటావు. ఆ చప్పట్లు తెలిసిన పాటను గుర్తుపట్టిన సంతోషానికి పడ్డవి. వాయించనీ, తప్పేం లేదు. కానీ శాస్త్రీయ సంగీతాన్ని ఈ కాలానికి తెచ్చింది సినిమా పాట అని నువ్వు తేల్చేయడం నేను ఒప్పుకోను. తెలియని పాటలో నాలుగు గొంతులు లెక్కపెట్టగలిగిన ఆ ముసలమ్మే దానికి సాక్ష్యం.

నా సంగతి ఒకటి చెప్తాను. నలభై ఏళ్ల కింద జనగామ దగ్గర ఒక ఊళ్లో ఒగ్గుకథ చూడటానికి పోయాను. మల్లన్న కథ. పసుపు, కుంకుమలతో పట్నం ముగ్గు వేశారు, డోళ్లు మొదలయ్యాయి. ఒక పత్రికకు రాయాలని పోయినవాణ్ణి, ఆఖరి బస్సు తప్పిపోతుందని పదింటికే లేచి వచ్చేశాను. "తెల్లవార్లూ ఊరు ఊరంతా ఊగిపోయింది" అని రాశాను. అచ్చయింది కూడా. ఆ ప్రధాన కథకుడు ఎవరితోనో చదివించుకున్నాడట. కొమురవెల్లి జాతరలో కనిపించి ఒక్కటే మాట అడిగాడు: "సారూ, తెల్లారేదాంక ఉన్నవా?" ఇంకేమీ అనలేదు. నాకు మాట రాలేదు.

మరుసటి ఏడాది తెల్లవారేదాకా కూర్చున్నాను. మూడు గంటలకు సగం ఊరు నిద్రపోయింది. పిల్లలు తల్లుల ఒళ్లో పడుకున్నారు. ఊగిపోవడం ఏమీ లేదు. ఆయన డోలును దాదాపు వినపడనంతగా తగ్గించమని సైగ చేసి, మేలుకొని ఉన్న పది పదిహేను మందికే, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు మెల్లగా కథ చెప్పాడు. అంత కథ నేను మళ్లీ వినలేదు. నేను ముందు రాసిన వ్యాసంలో ఆ మూడు గంటల వేళ లేదు. ఆ మనిషి ఇప్పుడు లేడు. ఆ వ్యాసం మాత్రం ఏదో లైబ్రరీలో ఇంకా ఉండే ఉంటుంది, అది తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

కాబట్టి ఈ వ్యాసాన్ని ఇప్పుడే ఎక్కడికీ పంపకు. ఆ పిల్లగాడు రోజూ ప్రాక్టీస్ చేస్తాడన్నావు కదా. అడిగి, ఒక పూటంతా అక్కడ మూల కూర్చో. ఒకే చిన్న ముక్కను నలభైసార్లు వాయిస్తాడు. నీకు విసుగొస్తుంది. ఆ విసుగులో లేచి రాకు. ముప్పయ్యో సారికో, ముప్పై అయిదో సారికో ఏదో మారుతుంది. ఏం మారిందో అతన్ని అడగకుండా నీ చెవితో పట్టుకో, తర్వాత అడిగి సరిచూసుకో. పరిభాష తెలియదని టెన్షన్ పడకు. నాకూ తెలియదు, అడిగి నేర్చుకున్నాను. చేతులు చూడు, కాలు చూడు, వాయించడం ఆపినప్పుడు ముఖం చూడు. ఇంటికి వచ్చి నాకు ఫోన్ చేసి చెప్పు. ఫోన్ పెట్టేసి, అప్పుడు చెప్పిందే చెప్పినట్టు కాగితం మీద పెట్టు.

వచ్చే ఆదివారం ఇంటికి రా, మా ఇంటావిడ సకినాలు చేస్తానంటోంది. వచ్చేటప్పుడు ఒక సంగతి మాత్రం కనుక్కుని రా. ఆ సాయంత్రం పైకి లేవని మీట తెల్లదా, నల్లదా?

మీ సార్