మా రెండు గోల్స్‌కు రెండు సెంటీమీటర్లా?

మీరు అడిగింది ఇది: "నేను ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు ఆర్సెనల్ అభిమానిని. మా క్లబ్బు వార్తలు రాసే ఒక విలేకరి మేం గెలిచినా ఏదో ఒక వంక పెడతారు, ఓడితే ఇక చెప్పక్కర్లేదు. ఆయన నిజంగానే పక్షపాతా, నాకే అలా అనిపిస్తోందా? ఆయన్ను చదవడం మానేయాలా?"

ఈ విషయంలో నేను తిట్టాను, తిట్లూ తిన్నాను. 2005లో ఇస్తాంబుల్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఇటలీ క్లబ్బు మిలాన్ మీద మూడు గోల్స్ వెనకబడి కూడా గెలిచిన రాత్రి నుంచి ఇంకో ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్ అభిమానిని. దాదాపు అదే రోజుల్లో, డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరికేలోగా, విశాఖపట్నంలో ఒక తెలుగు దినపత్రికకు కంట్రిబ్యూటర్‌గా ఆటల వార్తలు రాశాను. కంట్రిబ్యూటర్‌కు జీతం ఉండదు. అచ్చయిన వార్తను కొలిచి డబ్బులిస్తారు. నెలాఖరున కత్తిరింపులన్నీ తెల్లకాగితం మీద అంటించి, పక్కన సెంటీమీటర్లు వేసి పంపేవాణ్ణి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నా వార్తను నాకంటే శ్రద్ధగా కొలిచిన మనిషి ఇంకొకరున్నారు.

ఒక జూలైలో స్థానిక టోర్నమెంటు ఫైనల్ జరిగింది. మధ్యాహ్నం వాన దంచికొట్టడంతో మైదానం నాట్లకు సిద్ధం చేసిన మడిలా ఉంది. ఆడుతున్న జట్లలో ఒకదానికి కోచ్, హైస్కూల్లో నాకు డ్రిల్లు చెప్పిన మాస్టారు. మొదటి సగంలో అవతలి జట్టు గోల్ కొట్టింది. విరామం తర్వాత మాస్టారి జట్టు సమం చేసింది, ఇంకో నాలుగు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా కార్నర్ కిక్ నుంచి రెండో గోల్ కొట్టి కప్పు ఎగరేసుకుపోయింది. నేను తడిబట్టలతోనే ఆఫీసుకు వెళ్లి, జరిగింది జరిగినట్టు మొదటి నిమిషం నుంచి వరసగా రాసి ఇచ్చాను.

మర్నాడు ఉదయం ఏయూ ఔట్‌గేటు దగ్గర టీ తాగుతుంటే మాస్టారు వచ్చారు. పేపరు తీసి బల్ల మీద పరిచారు. తర్వాత సంచిలోంచి చెక్క స్కేలు తీశారు, ఒకప్పుడు మా అరచేతుల మీద పనిచేసిన స్కేలు.

"చూడు. వాళ్ల ఒక్క గోల్‌కు ఐదు సెంటీమీటర్లు. మా రెండు గోల్స్‌కూ కలిపి రెండు. శీర్షికలో కప్పు గెలిచినవాళ్ల పేరే లేదు. ఏమిటిరా ఇది?"

శీర్షిక 'హోరాహోరీగా ఫైనల్' అని ఉంది. టీ కొట్టాయన కూడా గ్లాసులు కడగడం ఆపి తొంగిచూశాడు.

నా దగ్గర జవాబుంది. రాత్రి పది దాటాక ఒక బట్టల దుకాణం వాళ్ల ఆషాఢం తగ్గింపు ప్రకటన వచ్చింది. పేజీలో దానికి చోటు కావాలి. చోటు తగ్గితే డెస్కులో సబ్ ఎడిటర్లు వార్తను అడుగు నుంచి కోస్తారు. అందుకే ముఖ్యమైన సంగతి మొదట రాయాలంటారు. నేను కథ చెప్పినట్టు రాశాను కాబట్టి కప్పు గెలిపించిన గోల్ అడుగున ఉంది, దాని మీదే కత్తెర పడింది. శీర్షిక పెట్టేది కూడా డెస్కే, నేను కాదు. ఇదంతా చెప్పాను. మాస్టారు ఓపిగ్గా విన్నారు, స్కేలు సంచిలో పెట్టుకున్నారు, లేస్తూ ఒక్కమాట అన్నారు: "ఆషాఢం సేలు వాళ్ల గోల్ జోలికి పోలేదేం?"

ఆయనకు చెప్పని సంగతి ఒకటుంది. ఆ మొదటి గోల్ కొట్టిన ఎడమ వింగర్ నా స్నేహితుడు. ఆ పేరా రాసేటప్పుడు కలం కాస్త హుషారుగానే నడిచింది. బురదలో ముగ్గుర్ని ఎలా తప్పించాడు, బంతి ఒక గుంటలో ఆగినట్టే ఆగి ఎలా గీత దాటింది, అంతా రాశాను. మాస్టారి కుర్రాడి గోల్‌కు మాత్రం 'తలతో కొట్టాడు' అని ఊరుకున్నాను. కత్తెర పడకపోయినా స్కేలు మీద తేడా కనిపించేదే. పక్షపాతం ఎక్కడ ఉందో మాస్టారు సరిగ్గా చెప్పలేకపోయారు గానీ, ఉందని పసిగట్టడంలో మాత్రం పొరపాటు పడలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఆర్కే బీచ్ దగ్గర ఉదయం నడకలో కనిపిస్తే ఆ మాట ఒప్పుకున్నాను. ఆయన నవ్వారు. "నాకు ఆ రోజే తెలుసురా. వాడికీ డ్రిల్లు చెప్పింది నేనే కదా. మీ ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు."

కాబట్టి నా మొదటి సలహా: వాక్యాలు లెక్కపెట్టకండి, బెంచీ ఎవరితో పంచుకుంటున్నారో చూడండి. ఆ విలేకరికి కబురు ఎవరిస్తున్నారు? ఎవరు అలిగితే ఆయన పని ఆగిపోతుంది?

మా క్లబ్బు చరిత్రలో అతిపెద్ద అబద్ధం కూడా ఈ దారిలోనే వచ్చింది. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌తో ఎఫ్ఏ కప్ సెమీఫైనల్. అక్కడి తొక్కిసలాటలో చనిపోయిన లివర్‌పూల్ అభిమానుల సంఖ్య చివరికి 97కు చేరింది. నాలుగు రోజుల తర్వాత 'ది సన్' పత్రిక, అభిమానులు మృతుల జేబులు కొట్టారని, సాయం చేస్తున్న పోలీసుల మీద మూత్రం పోశారని మొదటి పేజీలో వేసింది. దాని మీద పెద్ద అక్షరాలతో 'నిజం' అని శీర్షిక. ఆ మాటలు పోలీసులు, ఒక పార్లమెంటు సభ్యుడు చెప్పగా షెఫీల్డ్‌లోని ఒక వార్తా సంస్థ ద్వారా వచ్చినవి. అంటే నింద పడాల్సిన వర్గమే నింద మోపింది. కథనం రాసిన హ్యారీ ఆర్నాల్డ్, తాను ఆరోపణలుగా రాసినవాటి మీద ఆ శీర్షిక చూసి నిర్ఘాంతపోయానని తర్వాత చెప్పాడు. శీర్షిక ఎడిటర్ కెల్విన్ మెకెంజీది. అది చదివినప్పుడు నాకు మా డెస్కు గుర్తొచ్చింది. మా కత్తెర వల్ల పోయింది ఒక గోల్, అక్కడ పోయింది ఒక ఊరి పరువు.

లివర్‌పూల్ జనం ఆ పత్రిక కొనడం మానేశారు. 2012లో స్వతంత్ర విచారణ బృందం నివేదిక వచ్చాక పత్రిక క్షమాపణ చెప్పింది. 2016లో జ్యూరీ ఆ మరణాలు చట్టవిరుద్ధమైనవని, అభిమానుల తప్పేమీ లేదని తేల్చింది. 2017లో క్లబ్బు ఆ పత్రిక విలేకరులను తన మైదానం ఆన్‌ఫీల్డ్‌లోకి రానివ్వడం మానేసింది. ఇన్నేళ్లూ అభిమానులు చెప్పిందే చెప్పారు, వాళ్లు చెప్పిందే నిజమైంది.

ఇది తెలిసినవాడికి ఒక ధీమా వస్తుంది, నాకూ వచ్చింది. మా మీద ఎవరు ఏం రాసినా 'వీళ్లంతా అప్పుడు అబద్ధం రాసినవాళ్లే కదా' అనేసేవాణ్ణి. 2011 అక్టోబరు 15న ఆన్‌ఫీల్డ్‌లో మా చిరకాల ప్రత్యర్థి మాంచెస్టర్ యునైటెడ్‌తో మ్యాచ్ ఒకటీ ఒకటిగా ముగిసింది. మా ఆటగాడు సువారెజ్ తనను వర్ణాన్ని బట్టి దూషించాడని యునైటెడ్ ఆటగాడు ఎవ్రా ఫిర్యాదు చేశాడు. డిసెంబరులో సువారెజ్ మీద ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం, 40,000 పౌండ్ల జరిమానా పడ్డాయి. మర్నాడు విగాన్ జట్టుతో మ్యాచ్‌కు ముందు మా ఆటగాళ్లు సువారెజ్ బొమ్మ ఉన్న టీషర్టులు వేసుకుని మైదానంలోకి వచ్చారు. ద్వారకానగర్‌లో అద్దెగదిలో నలుగురం చప్పట్లు కొట్టాం. అది తప్పని రాసిన ప్రతి విలేకరినీ యునైటెడ్ మనిషి అన్నాను. వాళ్లలో ఒకాయన లివర్‌పూల్ వార్తలే ఏళ్లుగా రాస్తున్నాడని మిత్రుడు గుర్తుచేస్తే, 'అమ్ముడుపోయాడు' అన్నాను. ఎవరికి, ఎంతకు అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఆ తీర్పుకు కారణాలు చెబుతూ వచ్చిన నివేదిక 115 పేజీలు. అప్పట్లో ఒక్క పేజీ చదవలేదు. 2019లో, ఆ టీషర్టు వేసుకున్న మా జేమీ కారగర్ టీవీలో ఎవ్రా ఎదురుగా కూర్చుని క్షమాపణ చెప్పిన తర్వాత సిగ్గేసి చదివాను. సువారెజ్ వాంగ్మూలం మిగతా ఆధారాలతో పొసగడం లేదని అందులో వివరంగా ఉంది. నేను తిట్టిన విలేకరులు ఆ నివేదిక వచ్చాక చెప్పిందీ అదే. వాళ్లు చదివి రాశారు, నేను చదవకుండా తిట్టాను. హిల్స్‌బరోలో బాధితులు నిజం కోసం పాతికేళ్లకు పైగా పోరాడితే, ఆ పోరాటాన్ని అడ్డం పెట్టుకుని నేను ఒక ఆటగాణ్ణి వెనకేసుకొచ్చాను. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అప్పటి నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. మా క్లబ్బు మీద ఒళ్లు మండించే వార్త కనబడితే, లివర్‌పూల్ అన్నచోటల్లా మాంచెస్టర్ యునైటెడ్ అని పెట్టుకుని మళ్లీ చదువుతాను. 'భలే రాశాడు' అనిపించిందంటే లోపం నాలోనే ఉన్నట్టు. పేరు మార్చినా వార్త డొల్లగా ఉంటే, 'విశ్వసనీయ వర్గాలు', 'తెలుస్తోంది', 'చర్చ జరుగుతోంది' తప్ప ఎవరు చూశారో, ఎవరు విన్నారో లేకపోతే, అప్పుడు విలేకరిని అనుమానిస్తాను.

ఇంకో చిక్కు ఉంది. ఆటగాళ్ల బదిలీల కాలంలో మనం విలేకరులకు మార్కులు వేస్తాం. ఫలానావాడు చెప్పిన కొనుగోళ్లు నిజమయ్యాయి కాబట్టి మొదటి శ్రేణి, ఫలానావాడివి తప్పాయి కాబట్టి మూడో శ్రేణి. ఇది కబురు సరైనదా కాదా అని చూడటమే, న్యాయంగా రాస్తున్నాడా అని చూడటం కాదు. ఒకే వార్తను నలుగురు విలేకరులు ఒకే నిమిషంలో దాదాపు ఒకే మాటలతో వేశారంటే క్లబ్బే చెప్పి ఉంటుంది. వార్త నిజమే. కానీ రేపు టికెట్ల ధరలు పెంచినా, యజమాని మాట తప్పినా వీళ్లు గట్టిగా రాయగలరా? 2013లో న్యూకాసిల్ అభిమానులు యజమాని మైక్ ఆష్లీకి వ్యతిరేకంగా ఊరేగింపు తీస్తే, దాని గురించి రాసినందుకు అక్కడి స్థానిక పత్రికలు మూడింటిని క్లబ్బు నిషేధించింది. అభిమానుల గోడు రాసి తలుపులు మూయించుకున్న విలేకరి నా లెక్కలో మొదటి శ్రేణి, ఆయన చెప్పిన బదిలీలు పదికి పది తప్పినా సరే.

టీవీలో కూర్చునే మాజీ ఆటగాళ్లను ఈ లెక్కలోకి తీసుకోకండి. వాళ్లది అభిప్రాయం, దానికే వాళ్లకు డబ్బులిస్తారు. మనం విశాఖలో కూర్చుని ఫోనులో చదివేది కూడా చాలావరకు మూడోచేతి సరుకే. అసలు వార్తలో ఉన్న 'అని క్లబ్బు అంటోంది' అనే ముక్క మన దగ్గరకు వచ్చేసరికి రాలిపోతుంది. తిట్టేముందు అసలు వార్త తెరవండి, అందులోనూ శీర్షిక వదిలేసి చదవండి.

ఇక మీ ఆర్సెనల్ విలేకరి. ఆయనెవరో మీరు రాయలేదు, రాయకపోవడమే మంచిది. ఓడిన రోజుల వార్తలు పక్కనపెట్టండి, అప్పుడు అందరూ తిడతారు. మీరు గెలిచిన రోజుల్లో ఆయన పెట్టిన వంకలు ఒక కాగితం మీద రాసి, రెండు నెలలు ఆగి మళ్లీ చూడండి. 2024-25 సీజన్లో మీరు గెలుస్తున్నప్పుడే, ఈ జట్టులో అసలైన సెంటర్ ఫార్వర్డ్, అంటే ముందువరసలో నిలబడి గోల్స్ కొట్టేవాడు, లేడని కొందరు రాస్తూ వచ్చారు. అప్పుడు అది మీకు వంకలాగే కనిపించి ఉంటుంది. జనవరిలో మీ ఫార్వర్డ్ జేసుస్ మోకాలు దెబ్బతింది, క్లబ్బు ఆ నెలలో ఫార్వర్డ్‌ను ఎవరినీ కొనలేదు, ఫిబ్రవరిలో హావెర్ట్జ్ కూడా గాయపడ్డాడు. లెస్టర్ మీద గెలవడానికి మిడ్‌ఫీల్డర్ మెరీనోను ముందుకు పంపాల్సి వచ్చింది, రెండు గోల్స్ అతనే కొట్టాడు. సీజన్ చివరికి మళ్లీ రెండో స్థానమే. ఆ శీతాకాలంలో ఆ మాట రాసినవాళ్లలో మీ విలేకరి ఉన్నారేమో, పాత వార్తలు తీసి చూడండి. ఉంటే ఆయన్ను వదులుకోకండి. లేకపోతే, ఆయన ఇంకేం వంకలు పెట్టారో ఇక్కడ రాయండి, కలిసి చూద్దాం. లివర్‌పూల్ వాణ్ణి కాబట్టి నా మాట ఎంత నమ్మాలో మీరే తేల్చుకోండి.