ఇంట్లో చేసే ప్రోటీన్ పొడి: డబ్బా పొడికి సాటి వస్తుందా?

ప్రశ్న: కొంతకాలంగా క్రమం తప్పకుండా వ్యాయామం చేస్తున్నాను. పాలు, పాలతో చేసినవి నాకు పడవు. అంగట్లో దొరికే మొక్కల ప్రోటీన్ పొడుల్లో తీపి కోసం, వాసన కోసం కలిపే పదార్థాలు నచ్చక ఇంట్లోనే చేసుకోవాలనుకుంటున్నాను. సోయా, పప్పులు, గింజలు వేయించి పొడి కొట్టుకుంటే డబ్బా పొడితో సమానంగా ప్రోటీన్ అందుతుందా? వేటిని ఏ పాళ్లలో కలపాలి?

జవాబు: సమానంగా అందదు, అయినా చేసుకోవడం దండగ కాదు. ముందుగా కొనే పొడి ఎలా తయారవుతుందో చూద్దాం. ఉదాహరణకు బఠానీ ప్రోటీన్ తీసుకోండి. ఎండు బఠానీలను పిండి పట్టి, కొద్దిగా క్షారగుణం ఉన్న నీటిలో కలిపితే ప్రోటీన్ నీటిలోకి కరుగుతుంది. పిండిపదార్థాన్నీ పీచునూ తీసివేశాక ఆ నీటికి ఆమ్లం చేర్చి పీహెచ్‌ను (ఆమ్ల, క్షార గుణాలను తెలిపే కొలతను) 4.5 దగ్గరకు తెస్తారు. ఆ స్థితిలో ప్రోటీన్ కరిగి ఉండలేక విరిగి అడుగుకు దిగుతుంది. దాన్ని కడిగి, వేడిగాలిలోకి తుంపరలుగా చిమ్మి ఆరబెడితే వచ్చే పొడిలో దాదాపు 80 శాతం ప్రోటీనే ఉంటుంది. ఇంట్లోని మిక్సీ ఈ పని చేయలేదు. అది గింజను నలగగొడుతుందే తప్ప అందులోంచి దేన్నీ వేరుచేయదు. పిండిపదార్థం, నూనె, పీచు అన్నీ పొడిలోకే వస్తాయి కనుక, గింజలో ఎంత శాతం ప్రోటీన్ ఉందో పొడిలోనూ అంతే ఉంటుంది.

ఆ శాతాలు స్థూలంగా ఇవి. 100 గ్రాముల ఎండు సోయా చిక్కుళ్లలో 36 గ్రాములు, గుమ్మడి గింజల పప్పులో 30, వేరుశనగ పప్పులో 25, పెసల్లో 24, శనగల్లో 20, నువ్వుల్లో 18 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. బాదంలో 21 గ్రాములు ఉన్నా, దాని బరువులో సగం కొవ్వే. బాదం, జీడిపప్పు ఎక్కువగా వేసి చేసుకునే పొడులు రుచిగా ఉంటాయి, బలవర్ధకమే కూడా, కానీ వాటిని ప్రోటీన్ పొడి అనడానికి నాకు మనసొప్పదు. అవి ప్రధానంగా కొవ్వునిచ్చే పొడులు.

మీ అవసరానికి నేను సూచించే పాళ్లు: సోయా చిక్కుళ్లు 200 గ్రాములు, వేయించిన శనగపప్పు 100 గ్రాములు, గుమ్మడి గింజల పప్పు 100 గ్రాములు, నువ్వులు 50 గ్రాములు. మొత్తం 450 గ్రాముల మిశ్రమంలో ప్రోటీన్ సుమారు 130 గ్రాములు, అంటే 29 శాతం. 30 గ్రాముల పొడి తీసుకుంటే 8 నుంచి 9 గ్రాముల ప్రోటీన్, దాదాపు అంతే కొవ్వు, సుమారు 140 కిలోకేలరీలు వస్తాయి. అదే 30 గ్రాముల బఠానీ ప్రోటీన్ పొడిలో 24 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది, కేలరీలు మాత్రం ఇంతకంటే తక్కువే. ఇంటి పొడితో ఆ 24 గ్రాములు అందుకోవాలంటే 80 గ్రాములకు పైగా తినాలి. అప్పటికి దాదాపు ఒక పూట భోజనానికి సరిపడే కేలరీలు లోపలికి చేరిపోతాయి. బరువు తగ్గాలనుకునేవారు ముందుగా చూసుకోవలసిన లెక్క ఇదే.

సోయాతో పాటు నువ్వులు, గుమ్మడి గింజలు చేర్చడానికి కారణం ఉంది. ప్రోటీన్ అమైనో ఆమ్లాలు అనే చిన్న భాగాలతో ఏర్పడుతుంది. పప్పుజాతిలో వాటిలో ఒకటైన లైసిన్ పుష్కలం, మరొకటైన మిథియోనిన్ కొరత. నువ్వుల్లో ఇది తలకిందులుగా ఉంటుంది. రెండూ కలిస్తే ఒకదాని లోటును మరొకటి తీరుస్తుంది. అయితే ఇవన్నీ ఒకే గ్లాసులో ఉండి తీరాలన్న నియమం లేదు. రోజు మొత్తంలో పప్పులు, ధాన్యాలు, గింజలు కలిపి తింటే సరిపోతుంది.

తయారీలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది సోయా మీదే. పచ్చి సోయాలో ప్రోటీన్ జీర్ణం కాకుండా అడ్డుపడే ట్రిప్సిన్ నిరోధకాలు ఉంటాయి. వాటిని అణచడంలో పొడి వేడి కంటే తడి వేడి బాగా పనిచేస్తుంది. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట ఉడికించండి. పచ్చి గింజను తడితో నూరినప్పుడు వచ్చే ఘాటైన పసరు వాసన కూడా ఈ పద్ధతిలో రాదు. ఆ తరువాత పలుచగా పరచి పూర్తిగా ఆరబెట్టాలి. ఆరిందో లేదో గోటితో నొక్కి చూడండి: గింజ సాగినట్టు నొక్కుకుంటే ఇంకా తడి ఉన్నట్టు, పటుక్కున విరిగితే ఆరినట్టు. ఆరిన గింజను సన్నని మంట మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించండి. గుమ్మడి గింజలు, నువ్వులు త్వరగా మాడతాయి కనుక వాటిని విడివిడిగా వేయించాలి. వేయించిన శనగపప్పును ఊరికే వెచ్చచేస్తే చాలు.

ఈ పొడి నీటిలో కరగదని కూడా ముందే తెలిసి ఉండటం మంచిది. ఎంత కలిపినా రెండు నిమిషాల్లో పీచు అడుగుకు దిగి, పైన పలుచని నీరు తేలుతుంది. అరటిపండుతోనో ఓట్స్‌తోనో కలిపి చిక్కగా తిప్పుకుంటే, లేదా జావలో కలుపుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

ఇక మీకు ఎంత కావాలన్నది. సాధారణ ఆరోగ్యవంతులకు శరీర బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు చెప్పారు. 60 కిలోల వ్యక్తికి అది 50 గ్రాములు. గట్టిగా వ్యాయామం చేసేవారికి క్రీడా పోషణ నిపుణులు సూచించేది కిలోకు 1.2 నుంచి 2 గ్రాములు. మీ రోజువారీ భోజనంలో ఎంత వస్తోందో ఒకసారి లెక్క వేసుకుని, మిగిలిన లోటుకు మాత్రమే పొడిని వాడండి. లోటు 10 గ్రాములే అయితే ఇంటి పొడి చక్కగా సరిపోతుంది. 40 గ్రాములైతే దీనిమీదే ఆధారపడకుండా సోయా పనీర్, ఉడికించిన పప్పులు భోజనంలోనే పెంచుకోవడం మేలు.

ప్రశ్న: నేను వేరుశనగ, అవిసె గింజలు, పుచ్చ గింజలు కలిపి పొడి చేస్తాను. మిక్సీలో తిప్పుతుండగానే ముద్దకడుతుంది. నెల తిరిగేసరికి పాత నూనె వాసన వస్తోంది. ఎలా నివారించాలి?

జవాబు: రెండింటికీ మూలం నూనే. మీరు ఎంచుకున్నవన్నీ నూనె గింజలే. మిక్సీ బ్లేడు వేడికి నూనె బయటకు వచ్చి పొడిని ముద్ద చేస్తుంది. గింజలు పూర్తిగా చల్లారాకే మిక్సీలో వేసి, ఒకేసారి తిప్పకుండా కొన్ని క్షణాలు తిప్పి ఆపుతూ, మధ్యమధ్య గిన్నె గోడలకు అంటినదాన్ని చెంచాతో గీకుతూ చేయండి. మూడో వంతైనా వేయించిన శనగపప్పో పెసరపప్పో చేర్చితే అది నూనెను పీల్చుకుంటుంది. జల్లించినప్పుడు మిగిలే రవ్వను చల్లార్చి మళ్లీ తిప్పవచ్చు.

పొడి కొట్టగానే నూనెకు గాలి తగులుతుంది, అక్కడి నుంచి అది పాడవడం మొదలవుతుంది. అవిసె నూనెలో ఒమేగా-3 ఎక్కువ కనుక అది అన్నిటికంటే ముందుగా చెడుతుంది. అవిసెను మిశ్రమంలో కలపకుండా, అప్పటికప్పుడు ఒక చెంచా పొడి కొట్టుకుని కలుపుకోవడం ఉత్తమం. మిగతా పొడిని రెండు వారాలకు సరిపడా మాత్రమే చేసి, గాలి చొరబడని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. పాత నూనె వాసన వచ్చిన పొడిని మళ్లీ వేయించి వాడకండి, పారవేయండి.

వేరుశనగ విషయంలో ఇంకొక జాగ్రత్త తప్పనిసరి. బూజు పట్టిన, ముడుచుకుపోయిన, రంగు మారిన పప్పును ఒక్కటి కూడా ఉంచకుండా ఏరివేయాలి. వాటిలో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండవచ్చు. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. పొడి కొట్టాక మంచి గింజేదో చెడు గింజేదో కంటికి తెలియదు.

ప్రశ్న: సమయం కలిసివస్తుందని రాజ్మాను నానబెట్టకుండా, దోరగా వేయించి పొడి చేసి తాగవచ్చా?

జవాబు: వద్దు. పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లూటినిన్ అనే లెక్టిన్ (విషంలా పనిచేసే ఒక రకం ప్రోటీన్) ఉంటుంది. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా కొన్ని గంటల్లో తీవ్రమైన వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. దోరగా వేయిస్తే ఆ విషం నమ్మకంగా పోదు. కనీసం 5 గంటలు నానబెట్టి, నీళ్లు మార్చి, మరిగే నీటిలో అరగంట ఉడికించాలి. ఆ తరువాతే ఆరబెట్టి పొడి చేయాలి. నానబెట్టిన నీళ్లు పారబోయడం వల్ల కడుపు ఉబ్బరానికి కారణమయ్యే కొన్ని చక్కెరలు కూడా కొంతవరకు తగ్గుతాయి.

ప్రశ్న: మా అమ్మగారికి థైరాయిడ్ తక్కువగా ఉందని రోజూ మాత్ర వేసుకుంటారు. ఈమధ్య పరీక్షల్లో మూత్రపిండాల పనితీరు కొంత తగ్గిందని తేలింది. నీరసంగా ఉంటున్నారు కనుక ఈ పొడి ఇవ్వవచ్చా?

జవాబు: వైద్యుడిని అడగకుండా ఇవ్వకండి. మూత్రపిండాల పనితీరు తగ్గినవారికి తరచుగా ప్రోటీన్‌ను పరిమితం చేస్తారు. డయాలిసిస్ మొదలైనవారికి అందుకు భిన్నంగా పెంచుతారు. పైగా పప్పుల్లో, గింజల్లో పొటాషియం, ఫాస్ఫరస్ కూడా ఎక్కువ. ఆమె రక్త పరీక్షల ఫలితాలు చూసినవారే పరిమాణం చెప్పాలి. నీరసానికి కారణం ప్రోటీన్ లోపమే కాకపోవచ్చు, రక్తహీనత కావచ్చు, థైరాయిడ్ మాత్ర మోతాదు కావచ్చు, అదీ చూపించండి. వైద్యుడు సరేనంటే, సోయా ఆ మాత్రను శరీరం పీల్చుకోకుండా అడ్డుపడుతుంది కనుక, పరగడుపున మాత్ర వేసుకున్నాక కనీసం 4 గంటల తరువాతే సోయా ఉన్న పొడి ఇవ్వండి.